రంగసముద్రం నుంచి బంగాళాఖాతం దాకా...

యుద్ధనౌక కెప్టెన్ పేరు పేపర్లో వస్తుంది. ఆ నౌక కడుపులో ముప్ఫై ఏళ్లు గడిపిన మాస్టర్ చీఫ్ పేరు మాత్రం ఇంటి గేటు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. పదిహేడేళ్లకు ఊరొదిలి, యాభై దాటాక తిరిగొచ్చే ఓ నావికుడి జీవితం ఎలా ఉంటుందంటే...

శ్రీరంగాపూర్‌లో సముద్రం ఉంది. నమ్మకపోతే వెళ్లి చూడండి. వనపర్తి జిల్లాలో, పెబ్బేరుకు దగ్గర్లో, రంగనాయకస్వామి గుడిని ఆనుకుని నిండుగా నీళ్లు. ఊరివాళ్లు దాన్ని రంగసముద్రం అంటారు. భీమా ఎత్తిపోతల నీళ్లు చేరాక అది రిజర్వాయరు కూడా అయింది. సాయంత్రంపూట గట్టు మీద నిలబడితే గోపురం నీడ నీళ్లలో కదులుతూ ఉంటుంది. అసలు సముద్రం చూడాలంటే మాత్రం ఏ దిక్కుకు బయల్దేరినా వందల కిలోమీటర్లు పోవాల్సిందే!

ఇల్లొదిలి పోవడం ఈ నేలకు కొత్తకాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ 'పాలమూరు లేబర్' ఉండేవారు. నెలల తరబడి ఇంటాయన రాకపోవడం, వచ్చేదాకా పిల్లల్నీ ముసలివాళ్లనీ ఇంటావిడే చూసుకోవడం... ఇదంతా ఇక్కడి ఆడవాళ్లకు తరతరాలుగా తెలుసు. అయితే పల్లెల్లో 'మిలట్రీల చేరిండు' అంటే ఆర్మీ అనే అనుకుంటారు. నేవీ అంటే 'గదేందిరా?' అని అడిగేవాళ్లే ఎక్కువ.

అలాంటి ఊరి నుంచి 1990లో ఓ కుర్రాడు నౌకాదళంలో చేరాడనుకుందాం. పేరు పెట్టనక్కర్లేదు. శ్రీరంగాపూర్ కాకపోతే శ్రీకాకుళం, కాకపోతే కడప... నావికులుగా చేరిన తెలుగువాళ్లు చాలామంది ఇదే దారిలో నడిచారు.

బావిలో ఈత... చిలికాలో పరీక్ష

నావికుడి జీవితం సముద్రంలో కాదు, ఓ సరస్సు ఒడ్డున మొదలవుతుంది. ఒడిశాలోని చిలికా సరస్సు పక్కన ఉన్న 'ఐఎన్ఎస్ చిలికా' 1980లో ప్రారంభమైంది. దేశంలో ఏ మూల నుంచి వచ్చినా నావికుడిగా చేరినవాడు ముందు అక్కడికే వెళ్లాలి. జుట్టు కత్తిరించడంతో మొదలుపెట్టి, మంచం మీద దుప్పటి మడత దాకా అన్నీ కొత్తగా నేర్పుతారు. తెల్లారకముందే పరుగు, ఆపైన పరేడ్. హిందీ రాని తెలుగు కుర్రాళ్లకు మొదటి నెల నరకమే! అరిచేది తననో పక్కవాడినో కూడా అర్థంకాదు.

అందరికీ తప్పనిది ఈత పరీక్ష. నడుముకి బెండు కట్టుకుని వ్యవసాయ బావిలో నేర్చిన పల్లెటూరి ఈత అక్కడ పనికొస్తుంది. పట్నం పిల్లలు భయపడే చోట పల్లె పిల్లలు దర్జాగా దూకేస్తారు.

శిక్షణ అయ్యాక విద్యను బట్టి విడదీస్తారు. ఇంజిన్ పనికి లోనావలాలోని ఐఎన్ఎస్ శివాజీ, కరెంటు పనికి జామ్‌నగర్‌లోని వల్సూరా, ఫిరంగులకు కొచ్చిలోని ద్రోణాచార్య, జలాంతర్గాములకు విశాఖలోని శాతవాహన. మన రాజుల పేరు పెట్టుకున్న ఆ శాతవాహనలో నేర్చుకున్నవాళ్లే దేశమంతటి జలాంతర్గాముల్లోనూ పనిచేస్తారు.

మెట్లు ఏడు. సీమన్ సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్, లీడింగ్ సీమన్, పెటీ ఆఫీసర్, చీఫ్ పెటీ ఆఫీసర్, మాస్టర్ చీఫ్ సెకండ్ క్లాస్, ఆఖరున మాస్టర్ చీఫ్ ఫస్ట్ క్లాస్. ఆర్మీ లెక్కలో చెప్పాలంటే ఈ చివరాయన సుబేదార్ మేజర్‌తో సమానం. వినడానికి ఏడే మెట్లు. ఎక్కడానికి పాతిక, ముప్ఫై ఏళ్లు!

పెటీ ఆఫీసర్ అయిన రోజు నావికుడికి పండగ. అప్పటిదాకా పెట్టుకున్న గుండ్రటి టోపీ పోయి, ముందు అంచు ఉన్న టోపీ వస్తుంది. ఆ టోపీతో ఫొటో దిగి ఊరికి పంపనివాళ్లు అరుదు.

కుర్సురా కడుపులో...

మాస్టర్ చీఫ్ అంటే ఎవరో తెలియాలంటే విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లాలి. అక్కడ ఇసుకలో నల్లగా పడుకుని ఉన్న జలాంతర్గామి ఐఎన్ఎస్ కుర్సురాను చూడనివాళ్లు కోస్తాలో తక్కువ. స్కూలు ఎక్స్‌కర్షన్ అంటే సగం అదే. కానీ ఫొటోలు దిగే హడావుడిలో లోపల దారి చూపించే పెద్దాయన్ని ఎంతమంది గమనించారు? నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే అక్కడ గైడ్లు.

కుర్సురా మన నాలుగో జలాంతర్గామి. 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో నౌకాదళంలో చేరింది. దాన్ని తేవడానికి వెళ్లిన మనవాళ్లు జలాంతర్గామి విద్యతోపాటు రష్యన్ భాష కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఎండలకు మాడిన ఒళ్లు అక్కడి మంచుకి ఎలా తట్టుకుందో ఊహించుకోవాల్సిందే. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. మొత్తం 31 ఏళ్ల సర్వీసులో 73,500 నాటికల్ మైళ్లు చుట్టి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. ఆ తర్వాత దాన్ని ఒడ్డుకు లాగడం మరో యుద్ధం. ఆఖరి 600 మీటర్లకే ఏడాదిన్నర పట్టింది, అయిదున్నర కోట్లు ఖర్చయ్యాయి! 2002 ఆగస్టు నుంచి అది మ్యూజియం.

పొడవు 91 మీటర్లు. లోపల ఏడు గదులు. గది నుంచి గదికి గుండ్రటి చిన్న కంతలోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. మూడు డీజిల్ ఇంజిన్లు, మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, 22 టార్పెడోలు... వీటన్నిటి మధ్య ఇరుక్కుని 75 మంది మనుషులు. అందులో అధికారులు ఎనిమిది మందే. మిగతా 67 మందీ నావికులు. స్నానం మాట మర్చిపోవాలి. మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి. ఒకరు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పక్కమీదే ఇంకొకరు వాలిపోతారు. ఒంటికి పట్టిన డీజిల్ వాసన ఇంటికెళ్లాక కూడా వారం రోజులు వదలదు.

అసలు విషయం వాసనలో లేదు, పైపుల్లో ఉంది. నెత్తి మీదా పక్కనా ఎటు చూసినా పైపులు, చక్రాలు, వాల్వులు. చీకట్లో, పొగలో, ఒరిగిపోయిన జలాంతర్గామిలో ఏ చక్రం ఎటు తిప్పాలో చేతికి తెలిసుండాలి. అది పరీక్షల్లో నిరూపించుకుంటేనే ఛాతీ మీద డాల్ఫిన్ బ్యాడ్జి పెడతారు. అధికారైనా అంతే, వంటవాడైనా అంతే. ఒక్కడు తప్పు చక్రం తిప్పితే అందరూ పోతారు కాబట్టి ఇక్కడ 'అది నా పని కాదు' అనే మాటకు తావులేదు.

ఇలాంటి చోట కుర్రాళ్లకు ధైర్యం సీనియర్ నావికుడే. కాక్స్‌వెయిన్ అంటారు. కొత్తవాడి చెయ్యి వణుకుతోందా, రాత్రి నిద్రపోలేదా, ఇంటి నుంచి చెడు కబురేమైనా వచ్చిందా... అన్నీ కనిపెట్టాల్సింది ఆయనే. కెప్టెన్లు సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లకోసారి మారిపోతారు. మాస్టర్ చీఫ్‌కీ బదిలీలుంటాయి. కానీ ఓడ మారినా అదే రకం ఇంజిన్, అదే రకం పంపు. అది మొరాయించే ముందు ఎలా మూలుగుతుందో పుస్తకంలో రాసి ఉండదు. ఆయన చెవికి మాత్రం తెలుసు.

ఇరవై నాలుగేళ్ల లెఫ్టినెంట్‌కి యాభై ఏళ్ల మాస్టర్ చీఫ్ సెల్యూట్ కొడతాడు. అది పద్ధతి. కానీ ఏదైనా తేడా వచ్చినప్పుడు అదే లెఫ్టినెంట్ ముందుగా వెతికేది ఆయన్నే. 'ఏం చేద్దాం మాస్టర్?' అని అడగడానికి సిగ్గుపడని అధికారే తొందరగా పైకొస్తాడని నేవీలో అనుకుంటారు. నిజమే అనిపిస్తుంది.

లెక్కలో మిగిలినవాళ్లు

చరిత్ర మాత్రం వీళ్లను అంకెల్లోనే గుర్తుంచుకుంది. 1971 డిసెంబరు 9న డయ్యూ తీరానికి దూరంగా ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. ఓడతోపాటే ఉండిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గురించి పాఠ్యపుస్తకాల్లోనూ చదువుకున్నాం. ఆయనకు ఆ గౌరవం ముమ్మాటికీ దక్కాల్సిందే. అయితే ఆరోజు పోయింది 18 మంది అధికారులు, 176 మంది నావికులు. ఆ 176 మందిలో ఒక్కరి పేరైనా చెప్పగలమా?

అదే యుద్ధంలో ఓ నావికుడి పేరు మాత్రం నిలిచింది. చమన్‌సింగ్, హర్యానా మనిషి. హోదా లీడింగ్ సీమన్, అంటే మూడో మెట్టు. ఖుల్నా వైపు వెళ్లిన పడవల్లో ఒకదాంట్లో ఉన్నాడు. పడవ మునిగింది, ఒంటినిండా గాయాలు. ఒడ్డు నుంచి శత్రువులు కాలుస్తుంటే, నీళ్లలో ఉన్న తోటివాళ్లను కాపాడటానికి పూనుకున్నాడు. శత్రువుకు పట్టుబడ్డాడు, బంగ్లాదేశ్ విముక్తి తర్వాత బయటపడ్డాడు. మహావీరచక్ర అందుకున్న నావికుడు ఆయనొక్కడే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1946 ఫిబ్రవరి. బొంబాయిలోని 'తల్వార్'లో నావికులు అన్నం ముట్టమన్నారు. పురుగుల పప్పు, తెల్లవాడికో జీతం నల్లవాడికో జీతం, నోరు తెరిస్తే బూతులు... అక్కడ మొదలైన సమ్మె 78 నౌకలకు, 20 వేల మందికి పాకింది. విశాఖ కూడా అందులో ఉంది. సమ్మె కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్.ఖాన్, ఉపాధ్యక్షుడు మదన్‌సింగ్. ఇద్దరూ మామూలు నావికులే. తెల్లదొరల గుండెల్లో రైళ్లు పరుగెత్తించిన ఆ గొడవ అన్నం పళ్లెం దగ్గర మొదలైందని చాలామందికి తెలియదు.

శాంతి రోజుల్లోనూ ప్రమాదం పొంచే ఉంటుంది. 2013 ఆగస్టు 13 అర్ధరాత్రి దాటాక ముంబయి రేవులో కట్టేసి ఉన్న సింధురక్షక్ జలాంతర్గామిలో పేలుళ్లు జరిగాయి. ముగ్గురు అధికారులు, 15 మంది నావికులు పోయారు. వారిలో విశాఖ కుర్రాళ్లూ ఉన్నారు. మరొక్క రోజు గడిస్తే స్వాతంత్ర్య దినోత్సవం.

చిరునామా లేని మొగుడు

నావికుడి భార్య దగ్గర ఆయన చిరునామా ఉండేది కాదు. ఓడ పేరు, కింద 'కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్'... అంతే. ఓడ ఎక్కడుంటే ఉత్తరం అక్కడికి చేరుతుంది. ఎప్పుడు చేరుతుందో దేవుడికెరుక. తొంభైల్లో ఇన్‌లాండ్ లెటర్ రాస్తే, జవాబొచ్చేలోగా బిడ్డ జ్వరం తగ్గి మళ్లీ రావచ్చు కూడా! ఓడ రేవు చేరగానే ఎస్‌టీడీ బూత్ ముందు తెల్లదుస్తుల క్యూ. ఊళ్లో ఫోను ఉన్న ఒకే ఒక్క ఇంటికి చేస్తే, వాళ్లు పరుగెత్తుకెళ్లి అమ్మను పిలుచుకొచ్చేలోపు మీటరు తిరిగిపోయేది. 'ఎట్లున్నవు బిడ్డా?' అన్న ఆ ఒక్క మాటకే సగం డబ్బులు అయిపోయేవి.

పెళ్లయ్యాక క్వార్టర్ దొరికితే అదృష్టం. వనపర్తి పిల్ల విశాఖ నౌసేనాబాగ్‌లో కాపురం పెడితే, పక్కింటావిడది పంజాబ్, ఎదురింటావిడది కేరళ. జొన్నరొట్టె చేసే చెయ్యి ఆరు నెలల్లో పుట్టు చేయడం నేర్చుకుంటుంది. గ్యాస్ సిలిండర్ నుంచి పిల్లల స్కూలు అడ్మిషన్ దాకా అన్నీ ఆమే. ఆయన ఇంటికొస్తే పిల్లలు 'అంకుల్' అని పిలిచిన ముచ్చట నౌకాదళం కాలనీల్లో జోకులా చెప్పుకుంటారు. చెప్పేటప్పుడు నవ్వుతారు గానీ, జరిగినప్పుడు ఎవరూ నవ్వి ఉండరు.

బయటివాళ్లకు వింతగా అనిపించే విషయం ఇంకోటుంది. తుపాను వస్తోందంటే యుద్ధనౌకల్ని వీలైనంత వరకు రేవులో ఉంచరు. గట్టుకి గుద్దుకుని పాడవుతాయని సముద్రంలోకి పంపేస్తారు. ఊళ్లో మగవాళ్లంతా ఇళ్లకు చేరే వేళ, నావికుడు ఇంటి నుంచి బయల్దేరతాడన్నమాట! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చీల్చి చెండాడినప్పుడు కిటికీలు ఊడిపోయిన ఇళ్లల్లో, కరెంటూ ఫోనూ లేక పిల్లల్ని దగ్గరకు లాక్కుని కూర్చున్న నగరంలో నావికుల కుటుంబాలూ ఉన్నాయి. ఆ మర్నాటి నుంచి జనానికి సాయంగా దిగినవాళ్లలోనూ నావికులున్నారు.

పదిహేనో ఏట ఓ ప్రశ్న

నావికుడి జీవితంలో అసలు మలుపు యుద్ధంలో రాదు. సర్వీసు పదిహేనేళ్లు నిండినప్పుడు వస్తుంది. ఆనాటి పద్ధతి ప్రకారం అప్పటికి పింఛను ఖాయమవుతుంది. వయసు ముప్ఫై మూడో, ముప్ఫై నాలుగో. బయటికొస్తే ఇంకో ఉద్యోగం చేసుకోవచ్చు. బ్యాంకులో, ప్రభుత్వ ఆఫీసులో మాజీ సైనికుల కోటా ఉంది. పని తెలిసినవాడైతే వ్యాపార నౌకల్లో జీతం ఎక్కువ. పిల్లలు ఎదిగే వయసు, ఊళ్లో అమ్మానాన్నలకు ముసలితనం. ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక జరిగే చర్చ అదే. 'ఇగ చాలు, వచ్చేయ్' అని నాన్న. 'పెద్దోడి టెన్త్ అయ్యేదాకా ఉందామా?' అని ఆమె.

మన శ్రీరంగాపూర్ కుర్రాడికి ఆ ప్రశ్న 2005లో ఎదురై ఉంటుంది. బ్యాచ్‌లో చాలామంది వెళ్లిపోతారు. తప్పులేదు, బతుకు లెక్క అది. ఉండిపోయిన కొద్దిమందే మాస్టర్ చీఫ్‌లవుతారు. వాళ్లు ఎందుకుంటారో ఒక్క మాటలో చెప్పడం కష్టం. కొందరికి వేరే పని తెలియదు. కొందరికి ఇంటి అప్పులు. కొందరికి ఆ ఇంజిన్ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. మరీ మెరిసినవాళ్లకు ఆఖర్లో జనవరి 26కో, ఆగస్టు 15కో గౌరవ సబ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ హోదా ఇస్తారు. అంటే, ముప్ఫై ఏళ్లు సెల్యూట్ కొట్టిన చేతికి ఇప్పుడు ఎదుటివాళ్లు సెల్యూట్ కొడతారు. కొద్ది కాలమే కావచ్చు. ఇంట్లో షోకేసులో ఆ ఫొటోదే నడిమధ్య చోటు.

2022 జూన్‌లో ప్రభుత్వం అగ్నిపథ్ ప్రకటించాక ఈ కథ మారింది. ఇప్పుడు చేరినవాళ్లు అగ్నివీర్‌లు. సర్వీసు నాలుగేళ్లు. వాళ్లలో గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. 2023 మార్చి 28న చిలికాలో మొదటి బ్యాచ్ పరేడ్ జరిగింది. ఆ రెండున్నర వేల మందిలో దాదాపు 270 మంది అమ్మాయిలు. నావికులుగా ఆడపిల్లలు రావడం అదే మొదలు. సూర్యాస్తమయం తర్వాత పరేడ్ జరపడమూ మన సైన్యంలో అదే తొలిసారి.

సైన్యం కుర్రతనంతో ఉండాలన్న వాదనలో బలం ఉంది. చేతికి కొంత డబ్బుతో ఇరవై రెండేళ్లకే బయటికొచ్చి కొత్త జీవితం మొదలుపెట్టొచ్చన్నదీ కాదనలేం. కానీ పాత పద్ధతిలో నాలుగేళ్లకు నావికుడు లీడింగ్ సీమన్ మెట్టు దగ్గర ఉండేవాడు. అంటే, పని నేర్చుకోవడం అయిపోయి చేయడం మొదలయ్యే సమయం. పంపు మూలుగు వినగానే జబ్బు చెప్పే చెవి నాలుగేళ్లలో తయారవుతుందా? మిగిలే ఆ పాతిక శాతం మంది మీదే రేపటి ఓడల భారమంతా పడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. వెనకటివాడికి పదిహేనో ఏట 'ఉండాలా, వెళ్లాలా?' అన్నది తను తేల్చుకునే ప్రశ్న. ఇప్పటి పిల్లలకు నాలుగో ఏట జవాబు ఇంకొకరు చెబుతారు.

కుర్సురాలో గైడ్ల దగ్గర పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు టార్పెడోల గురించి కావు. 'అంకుల్, బాత్రూం ఎక్కడ?', 'ఊపిరాడేదా?', 'అమ్మ గుర్తొస్తే ఏం చేసేవాళ్లు?' లాంటివే. మొదటి రెంటికీ వెంటనే సమాధానం దొరుకుతుంది.

మన కుర్రాడు ఈపాటికి రిటైరై ఉంటాడు. యాభై దాటాయి. తెల్లజుట్టు, డీజిల్ హోరుకి కాస్త మందగించిన చెవి. వచ్చీరాగానే ఊళ్లోవాళ్లు పెట్టిన పేరు 'నేవీ సారు'. ముప్ఫై ఏళ్లలో రంగనాయకస్వామి రథోత్సవానికి లీవు దొరికింది నాలుగైదుసార్లే. దొరికినా రథం కదిలే వేళకి బస్సెక్కాల్సి వచ్చేది. ఈసారి జేబులో రిటర్న్ టికెట్ లేదు. రథం గుడి దాటి మలుపు తిరిగి, జనం పలచబడి, రంగసముద్రం మీద దీపాల వెలుగు ఒక్కటే మిగిలేదాకా ఆయన గట్టు మీదే ఉన్నాడు. ఇంటి నుంచి ఫోనొచ్చింది, అన్నం చల్లారిపోతోందని.